తుప్పును జయిస్తే.. తరాలు నడిచే బండి

జిల్లా కేంద్రాల్లోని షోరూముల ముందు ఎంజీ పేరుతో కొత్త కార్లు బారులు తీరి కనిపిస్తున్నాయి. ఎనిమిది కోణాల గడిలో రెండు అక్షరాలు పొదిగిన ఆ ముద్ర వెనుక వందేళ్ల చరిత్ర ఉందన్న సంగతి కొనుగోలుదారుల్లో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో వెలసిన మోరిస్ గ్యారేజెస్ సంస్థ పేరులోని తొలి అక్షరాలే ఎంజీ. కాలక్రమంలో ఆ పేరు చైనా సంస్థ సాయిక్ చేతికి వెళ్లింది. మన దేశంలో 2019 నుంచి ఈ పేరుతో కార్ల అమ్మకాలు సాగుతున్నాయి. అయితే ఆ ముద్రకు కీర్తి తెచ్చిపెట్టినవి నేటి పెద్ద బండ్లు కావు. ఇద్దరు మాత్రమే కూర్చునే, పైకప్పు లేని చిన్న స్పోర్ట్స్ కార్లు. వాటిలో పేరెన్నికగన్నది ఎంజీబీ. దాని తయారీ ఆగిపోయి నాలుగు దశాబ్దాలు దాటినా నేటికీ రోడ్లపై తిరుగుతూనే ఉంది. యజమానులు చూపే శ్రద్ధే దీనికి ప్రధాన కారణం. ఆ శ్రద్ధ ఎలాంటిదో పరిశీలిస్తే, పెరట్లో పాత వాహనం ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే పాఠాలు కనిపిస్తాయి.

మూతపడిన కర్మాగారం.. ఆగని బండి

ఎంజీబీ 1962లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు సమీపంలోని అబింగ్డన్ పట్టణంలో దీనిని తయారు చేసేవారు. 1965లో పైకప్పుతో కూడిన జీటీ రకం కూడా వచ్చింది. 1980 అక్టోబరులో కర్మాగారం మూతపడే నాటికి అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా కార్లు బయటకు వచ్చాయి. వీటిలో అధిక భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి.

కర్మాగారం మూతపడితే విడిభాగాలు దొరకడం మానేస్తాయి. అవి దొరకకపోతే బండి తుక్కు దుకాణం చేరుతుంది. సాధారణంగా జరిగేది ఇదే. ఎంజీబీ విషయంలో కథ మలుపు తిరిగింది. కారు రేకులను ఒత్తడానికి పూర్వం వాడిన భారీ ఉక్కు మూసలను బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వెతికి పట్టి సేకరించింది. 1988 నుంచి ఆ మూసలతోనే పూర్తి బాడీలను కొత్తగా తయారు చేయడం ఆరంభించింది. అంటే రేకు పూర్తిగా శిథిలమైనా ఇంజిన్, చక్రాలు, సీట్లు తీసి కొత్త బాడీలో అమర్చుకునే వీలు కలిగింది. 1930లో ఏర్పడిన ఎంజీ కార్ క్లబ్, 1973లో ఏర్పడిన ఎంజీ ఓనర్స్ క్లబ్ వంటి సంఘాలు యజమానుల మధ్య పరిజ్ఞానం పంచుకునే వేదికలుగా నిలిచాయి. మూసలు, మనుషులు.. ఈ రెండూ మిగలడం వల్లనే ఆ కారు మిగిలింది.

ముప్పంతా రేకులోనే..

పాత కారు కొనేవారు ముందుగా బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. ఎంజీబీ విషయంలో అది పొరపాటు. ఇంజిన్ చెడితే విప్పి బాగుచేసుకోవచ్చు. రేకు కుళ్లితే ఖర్చుకు అంతు ఉండదు. పాతకాలపు జీపులు, లారీలకు ఉన్నట్లు ఈ కారుకు విడిగా చాసిస్ లేదు. రేకులను మడిచి, అతికించి చేసిన పెట్టె వంటి బాడీయే మొత్తం బరువును మోస్తుంది. పైకప్పు లేని రకంలో ఈ భారం మరింత ఎక్కువగా తలుపుల కింద నిలువునా సాగే సిల్లులపై పడుతుంది. వీటిలో బయటి రేకు, లోపలి రేకు, వాటి నడుమ మరో రేకు.. ఇలా పొరలు ఉంటాయి. చక్రాలు చిమ్మిన బురద, వాననీరు ఆ పొరల నడుమ చేరితే తుప్పు లోపలి నుంచి బయటకు తొలుచుకు వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల బలం ఉండదు.

దీనిని పసిగట్టేందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర లేదు. మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది. పుట్టీ దట్టంగా మెత్తినచోట జారిపోతుంది. తలుపు మరో సాక్ష్యం. తలుపు వెనుక అంచు వద్ద సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్నా, తలుపు ఎత్తి పట్టుకుంటే తప్ప పడకపోయినా బాడీ నడుమ భాగం కుంగినట్లే భావించాలి. కాలి కింద పరచిన పట్టా ఎత్తి నేల రేకును, సీట్ల వెనుక బ్యాటరీలు అమర్చే పెట్టెలను కూడా తప్పక చూడాలి.

తొందరపడితే కొంప మునుగుతుంది

పునరుద్ధరణలో అత్యధికంగా నష్టం జరిగేది ఆరంభంలోనే. ఉత్సాహంతో ఒకేరోజు కారంతా విప్పి, నట్లు, బోల్టులు ఒకే డబ్బాలో పోసేవారు ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడిదో తెలియక చేతులెత్తేస్తారు. విప్పే ముందే ప్రతి భాగాన్నీ ఫొటో తీయాలి. ప్రతి భాగం బోల్టులను విడివిడి సంచుల్లో వేసి చీటీ కట్టాలి. ఒక భాగం పూర్తయ్యాకే మరో భాగం చేపట్టాలి.

సిల్లుల మార్పిడిలో మరో జాగ్రత్త ప్రాణప్రదం. పాత రేకును కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేసి బాడీని బిగించి ఉంచాలి. కారును సమతలంగా నిలిపి ఒకవైపు పని ముగిశాకే రెండోవైపు కోయాలి. ఈ జాగ్రత్త లేకుండా రెండువైపులా కోస్తే బాడీ నడుము విరిగినట్లు వంగుతుంది. ఆపై ఎంత మంచి రేకు అతికినా తలుపులు సరిగా పడవు. రేకు పని ముగిశాక పెట్టెల లోపలికి మైనం కలిసిన ద్రావణాన్ని పిచికారీ చేయాలి. నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయరాదు. రంగు పని అన్నిటికన్నా చివరిది. ముందుగా రంగు వేయించి మురిసిపోయేవారు తర్వాత రెండోసారి డబ్బు పోయాల్సి వస్తుంది.

మన అంబాసిడర్‌కు దగ్గరి చుట్టం

ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ పెట్రోలు ఇంజిన్. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బీ సిరీస్ కుటుంబానికి చెందినది. మన రోడ్లపై దశాబ్దాల పాటు రాజ్యమేలిన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ కూడా ఆ కుటుంబంలోనిదే. విడిభాగాలన్నీ ఒకదానికొకటి సరిపోకపోయినా నిర్మాణం, పనితీరు ఒకే బాణీలో ఉంటాయి. పోత ఇనుము బ్లాకు, పక్కనున్న క్యామ్ షాఫ్టు, పొడవాటి పుష్ రాడ్లు, పైన వాల్వులు.. అంబాసిడర్ ఇంజిన్ విప్పిన చేతికి ఇది కొత్త కాదు.

నిర్వహణ కూడా ఆ రోజుల తరహాలోనే ఉంటుంది. వాల్వుల సందు చాలా నమూనాల్లో 15 వేల వంతుల అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజీతో దీనిని సరిచూసుకోవాలి. రెండు ఎస్‌యూ కార్బురేటర్ల పైభాగాన ఉండే చిన్న మూతలు తిప్పి లోపల నూనె ఉందో లేదో చూడాలి. ఆ నూనె తగ్గితే యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే ఇంజిన్ తడబడుతుంది. ముందు చక్రాల కింగ్ పిన్నులకు ప్రతి 3 వేల మైళ్లకు, అంటే సుమారు 5 వేల కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు కొట్టాలి. పది నిమిషాల ఈ పనిని విస్మరిస్తే కింగ్ పిన్నులు అరిగి స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి.

విద్యుత్ విషయంలో మరింత అప్రమత్తత అవసరం. 1967 వరకు తయారైన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ తీగను బాడీకి ఎర్త్ చేసేవారు. నేటి వాహనాలకు ఇది పూర్తిగా విరుద్ధం. ఈ సంగతి తెలియక అలవాటు ప్రకారం తీగలు తగిలిస్తే పరికరాలు కాలిపోతాయి.

పెట్రోలు మారింది.. బండీ సర్దుకోవాలి

ఈ కార్లు పుట్టిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు. అది ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటుకు మెత్తటి పొరలా రక్షణ ఇచ్చేది. బ్రిటన్‌లోనూ, మన దేశంలోనూ 2000 నాటికి సీసం కలిపిన పెట్రోలు బంకుల నుంచి తప్పుకుంది. దీంతో పాత హెడ్డుతో వేగంగా, దూరం నడిపితే వాల్వులు సీటులోకి దిగబడే ప్రమాదం ఏర్పడింది. హెడ్డును లేత్ షెడ్డుకు ఇచ్చి గట్టి ఉక్కు సీట్లు వేయించడమే దీనికి శాశ్వత పరిష్కారం.

ఇప్పుడు ఇథనాల్ వంతు వచ్చింది. బ్రిటన్‌లో 2021 నుంచి 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సాధారణమైంది. మన దేశంలో 2025 నాటికి ఇది 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి, పగుళ్లు తెప్పిస్తుంది. తేమను పీల్చి ట్యాంకు లోపల తుప్పుకు దారితీస్తుంది. వేడి ఇంజిన్‌పై పెట్రోలు కారితే మంటలు లేచే ముప్పు ఉంది. అందువల్ల ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించుకోవాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచి బండిని మూల నిలపరాదు.

ఎంత మార్చాలి? ఎక్కడ ఆగాలి?

అన్నీ కొత్తవి వేస్తూ పోతే చివరకు మిగిలేది పాత కారేనా అన్న ప్రశ్న ఔత్సాహికుల మధ్య నిత్యం నలుగుతూ ఉంటుంది. అసలు రంగు, అసలు సీట్లు, అసలు ఇంజిన్ నంబరు ఉన్న బండికే విలువ ఎక్కువ. బ్రేకులు, టైర్లు, పెట్రోలు గొట్టాల వంటి ప్రాణరక్షణకు సంబంధించిన భాగాల్లో రాజీ పడరాదు. మిగిలినచోట బాగుచేయగలిగినదాన్ని బాగుచేయడమే మేలు.

మన చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు అసలు రూపంలో ఉంటే వింటేజ్ గుర్తింపు పొందవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. వీటికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు కేటాయిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5 వేలు రుసుముగా నిర్ణయించారు. ఇలాంటి బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసం రోడ్డెక్కించవచ్చు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపార అవసరాలకు వాడరాదు. తాతల నాటి బండికి తెలియక ఇంజిన్ మార్పించినవారు ఈ అవకాశాన్ని చేజార్చుకునే ప్రమాదం ఉంది. పాత ఆర్‌సీ పుస్తకం, రసీదులు, మరమ్మతుల ఫొటోలు భద్రపరచడం అందుకే ముఖ్యం.

చేతి విద్య మిగిలితేనే..

అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. చెవి ఆనించి వాల్వు శబ్దం పట్టగల, చేత్తో తడిమి రేకు ఒంపు సరిచేయగల మెకానిక్‌లు, టింకరింగ్ పనివారు పట్టణాల పాత షెడ్లలో ఇంకా ఉన్నారు. వారిలో పలువురు వయసు మీద పడినవారే. నేటి కుర్రాళ్లు కంప్యూటర్ తగిలించి లోపం చదివే విద్య నేర్చుకుంటున్నారు. పాయింట్ల సందు సరిచేయడం, కార్బురేటర్ విప్పి అమర్చడం వంటివి వారికి ఎదురుపడటం అరుదు.

అబింగ్డన్ కారుకు మూసలను వెతికి తెచ్చినవారు ఉన్నారు. మన పాత బండ్లకు అలాంటి మూసలు చేతి విద్యలోనే ఉన్నాయి. పెరట్లో గోనెపట్టా కప్పుకున్న బండిని తుక్కు వ్యాపారికి తూకానికి వేసే ముందు ఒక్కసారి తలుపు తెరిచి చూడటం, అయస్కాంతం పెట్టి రేకు పరీక్షించడం, పాత మెకానిక్‌ను పిలిచి మాట అడగడం మంచిది. ఆయన పక్కన ఒక కుర్రాడిని కూర్చోబెడితే మరీ మంచిది. బండి మరో తరం నడవాలంటే ఆ విద్య ముందుగా చేతులు మారాలి.