పాపికొండల ట్రిప్‌కి బండి రెడీ.. మరి పాలసీ?

వీకెండ్ వస్తే చాలు, ఖమ్మం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. కిన్నెరసానా, పర్ణశాలా, పాపికొండలా? ఈ మధ్య ఇంకో మాట కూడా వినిపిస్తోంది. పాత వ్యాన్ ఒకటి కొని, వెనక సీట్లు తీసేసి, పరుపు వేసుకుని తిరిగితే ఎలా ఉంటుందని! మా గ్రూపులోనూ అదే గోల. టెంట్, స్టవ్ అన్నీ తేలాయి. ఇన్సూరెన్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి, చవగ్గా ఉన్నది తీసేద్దాం' అన్నారు. నాకు నచ్చలేదు. నాలుగు కొటేషన్లు తీసి, షరతులన్నీ చదివాను. మన అడవి దారులకి ఏది పనికొస్తుందో అప్పుడు అర్థమైంది.

థర్డ్ పార్టీతో ఆగొద్దు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. లేకుండా మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. కానీ అది చూసుకునేది మన బండి వల్ల నష్టపోయిన ఎదుటివాళ్లని. అడవి పంది అడ్డొచ్చి బంపర్ పగిలినా, చెట్టు కూలినా, బండి చోరీ అయినా మనకి పైసా రాదు. కారులో మనతో వచ్చిన ఫ్రెండ్స్‌కీ అందులో రక్షణ ఉండదు. అందుకే ట్రిప్పులు కొట్టే బండికి కాంప్రహెన్సివ్ పాలసీ కావాలి.

ఇంకో విషయం. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేదే. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో 1000 సీసీ లోపు ప్రైవేటు కారుకి 2,094, 1500 సీసీ లోపు 3,416 రూపాయలు. ఏ కంపెనీ దగ్గరైనా అంతే. పోల్చి చూడాల్సింది మిగతా భాగాన్నే.

నీళ్లతోనే అసలు తంటా

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! వానాకాలంలో వాగులు రోడ్డెక్కడం ఇక్కడ మామూలే. వరద నష్టం కాంప్రహెన్సివ్‌లో వస్తుంది, నిజమే. కానీ నీళ్లలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజిన్‌లోకి నీళ్లు లాగి పాడవుతుంది. ఆ ఇంజిన్ ఖర్చు మామూలు పాలసీ ఇవ్వదు. మా చిన్నాన్న కొడుక్కి సరిగ్గా ఇదే జరిగింది, బిల్లంతా వాడే కట్టుకున్నాడు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉన్నది ఇందుకే. అదున్నా సరే, బండి ఆగితే స్టార్ట్ చేయొద్దు. ఫొటో తీసి కంపెనీకి ఫోన్ చేసి, తోయించండి.

జీరో డిప్రిసియేషన్ కూడా చూడండి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మన జేబులోంచే.

తెల్ల బోర్డా, పసుపు బోర్డా?

తెలిసినవాళ్ల సొంత కారుని డబ్బులిచ్చి తీసుకెళ్లడం మనకి అలవాటే. కానీ అది ప్రైవేటు పాలసీ. కిరాయికి తిప్పారని తేలితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి, చూసి ఎక్కండి. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పాలసీ దేశమంతా చెల్లుతుంది కానీ ట్యాక్సీకి పర్మిట్ కావాలి. డ్రైవర్‌ని బయల్దేరక ముందే అడగండి.

వ్యాన్‌ని ఇల్లు చేస్తే..

సీట్లు తీసి మంచం బిగించడం అంటే బండి రూపం మార్చినట్టే. ముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్సీలో ఎక్కించి, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. అదనంగా బిగించిన సామాను విలువ కూడా పాలసీలో రాయించాలి. బండిలో పెట్టిన ల్యాప్‌టాప్, కెమెరా మాత్రం దీని కిందికి రావు.

కొనేముందు ఏజెంట్‌ని మూడే అడగండి: ఇంజిన్‌కి కవర్ ఉందా? బండి ఆగితే టోయింగ్ వెహికల్ చింతూరు దాకా వస్తుందా? నా బండిలో చేసిన మార్పులన్నీ పాలసీలో ఉన్నాయా? జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద చూపించమనండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అడవిలో సిగ్నల్‌ని నమ్ముకోలేం కదా!