దగ్గు లేని క్షయ

క్షయవ్యాధి అనగానే మన మనస్సులో మెదిలే రూపం ఒక్కటే: విడవని దగ్గు, తెమడలో నెత్తురు, చిక్కి శల్యమైన దేహం. కాని చరక సంహితలో రాజయక్ష్మకు చెప్పిన మూడు ముఖ్య లక్షణాలను చూడండి. భుజాలలోను, డొక్కలలోను బాధ, అరచేతులలో, అరికాళ్ళలో మంట, సర్వాంగ జ్వరం. ఈ మూడింటిలో దగ్గు లేదు. గురుకులంలో కంఠస్థం చేసిన ఈ త్రిరూప లక్షణం నా చికిత్సానుభవంలో ఎన్నోమార్లు దారి చూపింది.

ఈ వ్యాధికి కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో లోకానికి వెల్లడించాడు. అది సాధారణంగా ఊపిరితో లోపలికి ప్రవేశిస్తుంది. పిమ్మట రక్తం ద్వారా ఏ అవయవానికైనా చేరగలదు. ఏండ్ల తరబడి అణగి ఉండి, దేహబలం తగ్గినప్పుడు విజృంభించగలదు. ఎక్కడ స్థిరపడితే అక్కడి వ్యాధిగా భ్రమింపజేస్తుంది. నిర్ధారణలోని చిక్కంతా ఇదే.

మెడలో గడ్డలు: ఇవి తరచు నొప్పి లేకుండా పెరుగుతాయి. జ్వరం కూడా ఉండకపోవచ్చు. గండమాల అని లేపనాలతో కాలయాపన చేయరాదు. కొన్ని క్యాన్సర్లు కూడా ఇలాగే కనిపిస్తాయి కనుక సూదితో నమూనా తీయించి చూడవలసిందే.

వెన్ను: నడుమునొప్పితో నెలల తరబడి తైలమర్దనం చేయించుకొన్న ఒక ఉపాధ్యాయురాలు నా వద్దకు వచ్చారు. విశ్రాంతిలో కూడా నొప్పి తగ్గదు, రాత్రివేళ హెచ్చుతుంది, బరువు తగ్గింది. వెన్నుపై వేలితో తట్టగా ఒకే పూస వద్ద ఆమె ఉలిక్కిపడ్డారు. మర్దనం మాన్పించి స్కానింగుకు పంపాను. పూస క్షయ అని తేలింది. ఏడాదిపాటు మందులు వాడి, నేడు తన కాళ్ళపై నడుస్తున్నారు. మరికొంత ఆలస్యమైతే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉండేది.

ప్రేవులు: కడుపునొప్పి, ఒకప్పుడు విరేచనాలు, మరొకప్పుడు మలబద్ధం. దీనిని గ్రహణి అని పొరబడడం కద్దు. క్రోన్స్ వ్యాధి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి ఇచ్చే స్టెరాయిడ్లు క్షయను మరింత ప్రకోపింపజేస్తాయి.

గర్భాశయ నాళాలు: ఏ బాధా లేకుండానే నాళాలు మూసుకొనిపోయి సంతానం కలుగకపోవచ్చు. కోడలిని నిందించే పెద్దలు ఈ సంగతి తెలిసికోవాలి.

మెదడు పొరలు: వారాల తరబడి తలనొప్పి, కొద్దిపాటి జ్వరం, వాంతులు, చిరాకు, మగత. పిల్లలలో ఇవి కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. ఇక్కడ ఆలస్యం ప్రాణాంతకం.

వృద్ధులలో అరుచి, నీరసం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాధి సోకే అవకాశం అధికం.

ఇక పరీక్షల మాట. వ్యాధి ఊపిరితిత్తులలో లేనప్పుడు తెమడ పరీక్షలో ఏమీ కనిపించదు, ఛాతీ ఎక్స్‌రే కూడా బాగానే ఉండవచ్చు. అంతమాత్రాన క్షయ లేదని నిశ్చయించరాదు. వ్యాధి ఉన్నచోటి నుండే నమూనా తీయాలి. ఆ నమూనా మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేస్తే క్రిమిని పెంచి చూడడం సాధ్యపడదు. కొంత భాగాన్ని సెలైన్‌లో ఉంచి కల్చర్‌కు, సీబీనాట్ పరీక్షకు పంపమని ముందుగానే వైద్యుని అడగండి. చర్మంపై చేసే మాంటూ పరీక్ష క్రిమి సోకినదని మాత్రమే సూచిస్తుంది, వ్యాధి ఉన్నదని కాదు. క్షయ కోసం రక్తంలో ప్రతిరక్షకాలను చూసే పరీక్షలు నమ్మదగినవి కానందున వాటిని మన ప్రభుత్వం 2012లో నిషేధించింది. లెవోఫ్లోక్ససిన్ వంటి మందులను దుకాణంలో అడిగి వాడితే జ్వరం తాత్కాలికంగా తగ్గి, అసలు వ్యాధి మరుగునపడుతుంది.

నేను ఆయుర్వేద వైద్యుడను. అయినా ఒక మాట స్పష్టంగా చెబుతాను. క్షయ నిర్ధారణ అయితే ఆధునిక ఔషధాలు తప్పనిసరి. సాధారణంగా 6 నెలలు, వెన్ను, మెదడు వంటి చోట్ల అంతకు మించి వాడాలి. వీటిలో రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబారుతుంది. అది రక్తం కాదు, భయపడి మందు మానవద్దు. కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే వైద్యునికి చూపాలి. ఆయనకు తెలుపకుండా కషాయాలు, భస్మాలు చేర్చరాదు. మన శాస్త్రం ఇక్కడ తోడ్పడేది ఆహారంతో. పాలు, నెయ్యి, పెసరకట్టు, అలవాటున్నవారికి గ్రుడ్లు, మాంసరసం జీర్ణశక్తిని అనుసరించి ఇవ్వండి. ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితం. పోషకాహారం కోసం నిక్షయ పోషణ యోజన క్రింద ఇచ్చే సహాయాన్ని 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచారు.

రెండు వారాలు దాటిన జ్వరం, కారణం లేకుండా తగ్గే బరువు, రాత్రి చెమటలు, తగ్గని గడ్డ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, దగ్గు లేదు కదా అని ఊరకుండక పరీక్ష చేయించండి.