ఉప్పుగాలిలో ఇరుసు మార్పిడి

నెల్లూరు నుండి మైపాడు పోవు దారిలో ఇందుకూరుపేట సమీపించిన కొలదిని గాలిలో ఉప్పుతేమ హెచ్చుచుండును. వరిపొలములకును రొయ్యల గుంటలకును నడుమ సాగు ఈ సీమలో, ఒకప్పుడు అధికారులకును, ఆసాములకును, పెండ్లివారికిని, ఆసుపత్రికి పోవు రోగులకును సమానముగా సేవచేసిన అంబాసిడర్ కార్లు నేటికిని అక్కడక్కడ పెరటి రేకులషెడ్లలో నిలిచియున్నవి. పైకి రంగు కొట్టించి, సీట్లకు క్రొత్త గుడ్డ కుట్టించి, ఇంజను స్టార్టు చేసి విని, బండి సిద్ధమైనదని తలచు యజమానులు పెక్కుమంది గలరు. కాని, బండి వెనుకభాగపు బరువు మోయుచు, ఇంజను శక్తిని చక్రములకు పంచుచు, బ్రేకు తాకిడిని సైతము భరించు వెనుక ఇరుసును వంగి చూచువారు అరుదు. సముద్రతీరమున పాత కారు ఆయుర్దాయమును నిర్ణయించునది ఆ ఇరుసేయని నా దృఢవిశ్వాసము.

ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో 1950ల చివర నిర్మింప నారంభించిన అంబాసిడర్, 2014 మే మాసము వరకు తయారగుచునే యుండెను. ఇన్నేండ్లలో ఇంజనులు మారినవి, ముఖములు మారినవి. రెండు కమాను కట్టలపై నిలిచిన గట్టి ఇరుసు మాత్రము మారలేదు. వాడుకలో మనము ఇరుసనునది పెక్కు భాగముల సమాహారము. మధ్య ఉబ్బిన ఉక్కు హౌసింగు, దానిలో క్రౌను, పినియను అను పండ్లచక్రములు, డిఫరెన్షియలు, ఇరుప్రక్కల గొట్టములలో దాగిన ఏక్సిల్ షాఫ్టులు, వాని చివరల బేరింగులు, ఆయిలు సీళ్లు, బ్రేకు డ్రమ్ములు, ఇవన్నియు కలిసి యూ బోల్టులచే కమాను కట్టలకు బిగింపబడియుండును. కమాను కట్టలు కుదుపులను మ్రింగుటయే గాక, చక్రములు నేలను త్రోయు బలమును బాడీకి చేరవేయును. ఇరుసు మెలితిరుగకుండను నిలుపును. కావుననే యూ బోల్టు సడలిన బండి, గేరు వేసి క్లచ్చి వదలినంతనే వెనుకనుండి ఠక్కుమని పలుకును.

డిఫరెన్షియలు ఏల కావలసివచ్చెనో ఒక చిన్న లెక్క తెలుపును. రెండు వెనుక చక్రముల నడుమ ఎడము సుమారు 1.3 మీటర్లనుకొని, బండి అర్ధవృత్తము చుట్టి వచ్చిన దారికే మళ్లినదనుకొందము. అప్పుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె నాలుగు మీటర్లకు కొంచెము పైగా అధికదూరము పోవలెను. మలుపు ఇరుకైనను విశాలమైనను ఈ తేడా మారదు. ఏలయన అది ఎడమును 3.14తో గుణించిన లబ్ధమే గాని, మలుపు వ్యాసార్ధముతో దానికి పనిలేదు. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో ఆ నాలుగు మీటర్లును టైర్లు నేలపై రాచుకొని పోవలసినదే. ఈ చిక్కునకు ఫ్రెంచి గడియార నిర్మాత ఒనేసిఫోర్ పెక్కర్ 1827లోనే, పెట్రోలు కారు పుట్టుటకు అర్ధశతాబ్దమునకు పైగా ముందే, డిఫరెన్షియలు రూపమున పరిష్కారము చూపెననుట స్మరింపదగిన విషయము.

ఇక ఉప్పు సంగతి. గాలిలో తేమ 75 శాతము దాటినంతనే ఉప్పు ఆ తేమను పీల్చి తానే ద్రవమగును. మన తీరమున తెల్లవారుజామున ఆ హద్దు దాటుట సామాన్యము. ఇనుముపై పలుచగా పరచుకొన్న ఆ ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయుటచే తుప్పు త్వరితమగును. తుప్పు ఇనుముకంటె అధికస్థలము నాక్రమించుటచే, నట్టు మరలలో చేరినది చేరినట్లు బిగిసికొని, పానా మారినను నట్టు కదలకుండును. లోపలికి ప్రవేశించు నీరు మరింత ప్రమాదము. హౌసింగుపై బ్రీదరను సన్నని ఊపిరిరంధ్రమొకటి యుండును. పరుగులో వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా కాలువనీటిలో దిగినచో లోపలి గాలి కుంచించుకొని, ఆ రంధ్రము గుండను, అరిగిన సీళ్ల గుండను నీటిని పీల్చుకొనును. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు ప్రాంతమును ముంచినప్పటివలె నీట నిలిచిన బండ్లను, ఇరుసు ఆయిలు మార్చకుండ నడుపరాదు. డ్రెయిను ప్లగ్గు విప్పినప్పుడు పాలవలె తెల్లబడిన ఆయిలు కారినచో, బేరింగులను విప్పి చూడక తప్పదు.

ఇరుసునే మార్చవలసివచ్చినచో, విప్పుటలో తొందర పనికిరాదు. ముందు చక్రములకు చెక్కలు అడ్డుపెట్టి, వెనుకభాగమును జాకీతో ఎత్తి, బాడీలోని బలమైన చోట్ల స్టాండులు నిలిపిన పిమ్మటగాని ఎవరును బండి క్రింద దూరరాదు. జాకీని మాత్రమే నమ్మి క్రింద పరుండుట ప్రాణాంతకము. గేరుపెట్టెనుండి ఇరుసునకు శక్తిని తెచ్చు ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజీని విడదీయుటకు ముందు రెండు ముఖములపైనను ఒకే వరుసలో గీత గీయవలెను. తిరిగి అట్లే బిగింపనిచో తూకము తప్పి బండి అదరును. బ్రేకు గొట్టము, హ్యాండు బ్రేకు కేబులు, షాక్ అబ్జార్బర్లు ఊడదీసి, బిగిసిన నట్లపై తుప్పు వదలించు నూనె పోసి రాత్రంతయు నాననీయవలెను. అప్పటికిని కదలనిచో వేడియే శరణ్యము: ఉక్కు డిగ్రీకి కోటింట 120 పాళ్లు వ్యాకోచించును గనుక, అర అంగుళపు రంధ్రముగల నట్టును 200 డిగ్రీలు వేడెక్కించినచో ఆ రంధ్రము మిల్లీమీటరులో నూరింట మూడు పాళ్లు విస్తరించును. కంటికి కానరాని ఆ మూడు పాళ్లే తుప్పు పట్టును విడిపించును. కాని పెట్రోలు ట్యాంకు వెనుకనే యుండును గనుక దానిని తీసివేయక మంట ముట్టింపరాదు. వేడెక్కిన యూ బోల్టులను మరల వాడుటయు తగదు, క్రొత్తవి చవుక. తుదకు ఇరుసును ఇద్దరు ముగ్గురు పట్టి, కమాను కట్టలకును బాడీకిని నడుమనుండి ప్రక్కకు జరిపి దింపుదురు.

మారు ఇరుసు ఎట్టిది కొనవలెను? క్రౌను మాత్రము, లేదా పినియను మాత్రము విడిగా కొని అమర్చుట అనర్థమూలము. కర్మాగారమున ఆ రెండింటిని ఒకదానితో నొకటి ఒరసి, జంటగా సరిచూచి, సాధారణముగా ఒకే గుర్తు చెక్కి పంపుదురు. పండ్లకు నూనెలో కలిపిన సిందూరము పూసి త్రిప్పి చూచు పద్ధతి ఒకటి గలదు: చెరగిన మచ్చ పంటి నడుమ పడినచో అమరిక సరియైనది, అంచునకు జరిగినచో పినియను వెనుక షిమ్ములను పలుచని రేకులు మార్చవలెను, లేనిచో కొలది కాలములోనే ఊళపెట్టుచు పండ్లు రాలును.

వేరు నమూనా ఇరుసును వెల్డింగు చేయించి బిగించు సాహసికులును గలరు. పండ్ల నిష్పత్తి 4.55 ఉన్న ఇరుసునకు మారుగా 3.9 గలది వేసినచో, స్పీడోమీటరు గేరుపెట్టెనుండి నడుచును గనుక, ముల్లు 77 చూపునప్పుడు బండి 90 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఎత్తు ఎక్కు బలమును ఏడవ వంతు తగ్గును. పినియను వంపు ఒక్కింత తప్పినను ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు బేరింగులు అరుగును. ఇట్టి మార్పు కర్మాగారమే చేసిన సందర్భమొకటి మన పొరుగుననే గలదు: మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు, హెరాల్డు కారులో చక్రములు వేర్వేరుగా ఊగు వెనుక ఇరుసు ఇక్కడివారికి సరిపడనందున, 1972లో వచ్చిన గజెలు కారులో గట్టి ఇరుసును అమర్చిరి. వారికి ఇంజనీర్లును, పరీక్షలును ఉండెను. వీధి వెల్డింగు దుకాణమునకు అవి లేవు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరములు నిర్మాత తొలుత నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 50 ఏండ్లు దాటిన వాహనములకు 2021లో వచ్చిన వింటేజి నియమములు, బండి మూలరూపము చెడకుండవలెనని నిర్దేశించుచున్నవి. కావున, అంబాసిడరునకు అంబాసిడరు ఇరుసునే, సాధ్యమైనంతవరకు అదే కాలపుదానిని, హౌసింగుతో సహా సంపూర్ణముగా కొని వేయుడు. బిగించిన పిమ్మట బ్రేకులలో గాలి తీసి, ఇరుసులో హైపాయిడు గేర్లకు చెప్పిన ఆయిలునే పోసి, తొలి కొన్ని వందల కిలోమీటర్లలో యూ బోల్టు నట్లను మరల ఒకసారి బిగింపుడు; కమాను కట్టలు సర్దుకొన్నప్పుడు అవి తప్పక సడలును.