తోలువాని పాదము – మోటారు పెడలు

మోటారుకారు కొనదలచినవారు ఇంజను బలమును, పెట్రోలు వ్యయమును, సీట్ల మెత్తదనమును విచారింతురు. రంగును గూర్చి ఇంటిల్లిపాదియు వాదులాడుదురు. కాలిక్రింది పెడలును గూర్చి విచారించువారు మాత్రము మిక్కిలి అరుదు. అయినను గడచిన ముప్పది నలువది సంవత్సరములలో ఆ చిన్న పలకయందు జరిగిన మార్పు కారులోని మరి యే భాగమునందును జరుగలేదనవచ్చును. పూర్వము అది యంత్రమును స్వయముగా లాగెడి పిడి; నేడది పాదపు ఒత్తిడిని గ్రహించి కంప్యూటరునకు వార్త నందించెడి దూత. డ్రైవరు తానే యంత్రమును శాసించుచున్నానని తలచుచున్నాడు గాని, నిజమునకు అతడు మనవి చేసికొనుచున్నాడు. ఆజ్ఞ జారీచేయునది వేరొకటి. ఈ మార్పు ప్రజల ప్రాణములకును, ప్రమాదము జరిగిన వెనుక డ్రైవరు మాటకు గల విలువకును సంబంధించినది. దీనిని మన ప్రభుత్వము గాని, కార్లు కొనెడి ప్రజలు గాని ఇంకను తగినంతగా పరిశీలింపలేదని మా యభిప్రాయము.

మోటారు తొలినాళ్ళలో పెడళ్ళకు ఒక నియమమనునది లేదు. 1908లో అమెరికాలో ఫోర్డు కంపెనీవారు విడుదల చేసిన మోడల్ టి కారునకు పెడళ్ళు మూడు. ఎడమది గేరు మార్చుటకు, నడిమిది బండిని వెనుకకు నడుపుటకు, కుడిది బ్రేకునకు. వేగము పెంచుట పాదము పని కాదు. స్టీరింగు క్రింద అమర్చిన చిన్న మీటను చేతితో లాగవలసి యుండెను. నేటి డ్రైవరెవ్వడైన ఆ బండి నెక్కి అలవాటు చొప్పున నడిమి పెడలును తొక్కినయెడల బండి ఆగుటకు మారుగా వెనుకకు పోజూచును! క్లచ్చి ఎడమను, బ్రేకు నడుమను, యాక్సిలరేటరు కుడిని ఉండెడి క్రమము 1916 నాటి కాడిలాక్ కారునందు కానవచ్చి, 1922లో ఇంగ్లండున వెలువడిన ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారుతో ప్రబలినది. నాటినుండి నూరేండ్లుగా లోకమున కోట్లకొలది పాదములు ఈ క్రమమునే నేర్చికొన్నవి. పెడలును చూచి తొక్కువా డెవ్వడును లేడు. బుద్ధి తలచులోపలనే పాదము పోయి తన చోట నిలుచును. కావుననే ఆ పాదము పొరబడినప్పుడు దాని యజమానికి సయితము తెలియకపోవుట సంభవించుచున్నది.

పూర్వపు కారులో యాక్సిలరేటరునకును ఇంజనునకును నడుమ ఒక ఉక్కుతీగ యుండెను. పెడలును తొక్కినంత తీగ లాగును. గాలి లోనికి పోవు తలుపు అంత తెరచుకొనును. తీగ తుప్పుపట్టి బిగిసినను, తెగినను మన వీధిచివరి మెకానిక్కు వ్రేలితో తాకి చెప్పగలిగెడివాడు. నేటి కారులలో ఆ తీగ లేదు. పెడలు కీలువద్ద రెండు సెన్సారులుండును. పాదము ఎంత అదిమినదో ఆ రెండును వేరువేరుగా విద్యుత్తు రూపమున తెలుపును. సామాన్యముగా ఒకటి తెలిపెడి వోల్టేజి రెండవదానిలో సగముండునట్లు ఏర్పాటు చేయుదురు. రెండు లెక్కలును పొసగినచో కంప్యూటరు విశ్వసించును; పొసగనిచో అనుమానించి వేగమును తగ్గించి, బండిని ఇల్లు చేరుటకు మాత్రము చాలునంత శక్తి నిచ్చును. ఒకే సాక్షిని నమ్మరాదను సూత్రమును యంత్రకారులు పెడలునందు అమర్చిరన్నమాట. ఈ యేర్పాటు మంచిదే. పొగను తగ్గించుటకు, చక్రములు జారకుండుటకు, ఇంధనమును పొదుపు చేయుటకు ఇదియే ఆధారము. దీనిని తీసివేసి మరల తీగకు పోవలెనని మేము కోరుట లేదు.

బ్రేకు కథ వేరు. పాదపు ఒత్తిడి గొట్టములలోని ద్రవముద్వారా చక్రములకు చేరెడి పద్ధతియందు, ఇంజను ఆగి సహాయబలము తొలగిపోయినను, రెండు మూడింతల బలముతో తొక్కినచో బండి నిలుచును. విద్యుత్తు కారులు వచ్చిన వెనుక ఇదియు మారుచున్నది. బ్రేకును తొక్కినంతనే మోటారు తిరుగు బలమును మరల విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపవలెను. చాలనిచో బ్రేకు దిమ్మలు చక్రమును పట్టవలెను. ఎవరి వంతు ఎంతయో కంప్యూటరు నిర్ణయించును. ఇట్టి అనేక కారులలో పాదమునకు తగిలెడి బిగువు చక్రములనుండి వచ్చునది కాదు. పాదమును నమ్మించుటకై స్ప్రింగులతో కల్పించినది! 2001లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్ వారు తమ ఎస్.ఎల్. కారునందు విద్యుత్తు బ్రేకులను ప్రవేశపెట్టిరి. అవి విఫలమైనచో పాతరీతిని ముందు చక్రములకు మాత్రము ద్రవబలము చేరెడి ఏర్పాటు కూడ నుంచిరి. అయినను లోపములు బయల్పడి 2004, 2005 సంవత్సరములలో లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపించి, పిమ్మట ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. 2008లో జపానుకు చెందిన నిస్సాను కంపెనీవారు వేరొక పెడలును ప్రకటించిరి. అక్కరకు మించి వేగము పెంచబోయినచో అది పాదమును మెల్లగా పైకి నెట్టి హెచ్చరించును. పాదము పెడలునకు చెప్పుటయే గాక, పెడలు పాదమునకు చెప్పుటయు ఆరంభమైనదన్నమాట.

ఇక అనర్థముల విషయము. ఇందు తొందరపడి యంత్రమును నిందించుటయు తప్పే, మనుష్యుని నిందించుటయు తప్పే. 1986లో అమెరికాలో ఆడి 5000 అను కారు తనంతట తాను దూకుచున్నదని టెలివిజనులో పెద్ద అలజడి జరిగినది. అమ్మకములు పడిపోయినవి. ఆ దేశపు రహదారి భద్రతాశాఖవారు పలు కంపెనీల కార్లను శోధించి 1989లో నివేదిక ప్రకటించిరి. బ్రేకనుకొని యాక్సిలరేటరును తొక్కుటయే అట్టి ప్రమాదములలో అధికభాగమునకు కారణమని తేల్చిరి. అయితే పెడళ్ళ అమరిక అట్టి పొరపాటునకు అవకాశ మిచ్చుచుండెనని కూడ చెప్పిరి. తత్ఫలితముగా, బ్రేకుపై పాదముంచినగాని గేరు కదలకుండెడి తాళము ఆటోమేటిక్ కార్లకు వాడుకలోనికి వచ్చినది. తప్పు పాదముదే యైనను, దిద్దుబాటు యంత్రమునందు జరిగినది. ఈ సంగతిని పాఠకులు గుర్తింపవలెను.

ఇరువదేండ్ల తరువాత టయోటా వ్యవహారము వచ్చినది. 2009 ఆగస్టు 28వ తేదీన కాలిఫోర్నియాలోని శాంటీ వద్ద ఒక లెక్సస్ కారు అదుపుతప్పి నలుగురు మరణించిరి. నడుపుచున్నవాడు రహదారి పోలీసు ఉద్యోగి; డ్రైవింగు తెలియనివాడు కాడు. ఆ కారునకు చెందని, వేరొక నమూనాకు చెందిన రబ్బరు చాప పెడలును పట్టివేసినదని విచారణలో తేలినది. ఇంజనును ఆపుటకు తాళపుచెవి లేదు. మీటను మూడు సెకండ్లపాటు నొక్కిపట్టవలెను. అరువు కారులో కూర్చున్నవానికి ఆ సంగతి ఎట్లు తెలియును? తరువాత లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపించిరి. కంప్యూటరులోనే దోషమున్నదను వాదమును అమెరికా అంతరిక్షసంస్థయైన నాసా ఇంజనీర్లు నెలలతరబడి పరీక్షించి, పెద్ద వేగమునకు విద్యుత్పరికరముల దోషము కారణమన్న నిదర్శనము దొరకలేదని 2011 ఫిబ్రవరిలో తెలిపిరి. 2013లో ఒక్లహామా రాష్ట్రపు జూరీవారు వేరుగా తలచిరి. 2007లో జరిగిన ఒక ప్రమాదమునకు కారు కంప్యూటరు కార్యక్రమమునందలి లోపము కారణమని నమ్మి 30 లక్షల డాలర్ల నష్టపరిహారము విధించిరి. ఇట్లు ఒకరి నిర్ణయమునకు మరియొకరి నిర్ణయము పొసగకున్నను, ఒక సంగతియందు సందేహమునకు తావులేదు. చాపల విషయమునను, బిగుసుకొనెడి పెడళ్ళ విషయమునను ప్రజలను తప్పుదారి పట్టించినందులకు టయోటావారు 2014 మార్చిలో అమెరికా ప్రభుత్వమునకు 120 కోట్ల డాలర్లు చెల్లించుట కంగీకరించిరి.

ఆ చాప సంగతి చదివినప్పుడు మాకు మన పట్టణములలోని కారు అలంకారపు దుకాణములు జ్ఞప్తికి వచ్చినవి. క్రొత్త కారు ఇంటికి వచ్చినదో లేదో, కంపెనీవా రిచ్చిన చాపపై మరియొక దళసరి చాపను పరచుట మన యలవాటు. కొక్కెము లేని ఆ చాప ముందుకు జరిగి పెడలు క్రింద చేరునేమోయని చూచువారు లేరు. పావుకోళ్ళవంటి చెప్పులతో కారు నడుపువారిని గూర్చి చెప్పనేల!

జపానులో ముసలివారు అధికులు. కావున ఈ ప్రశ్న అక్కడ మరింత తీవ్రముగా తలయెత్తినది. 2019 ఏప్రిలులో టోకియోలోని ఇకెబుకురో వద్ద 87 ఏండ్ల వృద్ధుని కారు దూసికొనిపోయి ఒక తల్లిని, మూడేండ్ల కుమార్తెను బలిగొన్నది. తాను బ్రేకునే తొక్కితినని వృద్ధుడు వాదించెను. కారులో నమోదైన లెక్కలు మరియొక విధముగా చెప్పెను. 2021లో న్యాయస్థానము అతనికి అయిదేండ్ల శిక్ష విధించినది. అతడు బొంకెనని మే మనము. తాను బ్రేకునే తొక్కితినని అతడు మనసార నమ్మియుండవచ్చును. కుమమోతో ప్రాంతమునందలి మసుయుకి నరుసే అను యంత్రకారుడు ఇట్టి పొరపాటునకే మందుగా, రెండు పెడళ్ళకు బదులు ఒక్క పెడలును కల్పించెను. క్రిందికి తొక్కిన బ్రేకు. పాదమును ప్రక్కకు నెట్టిన వేగము. బెదరిన మనుష్యుడు క్రిందికే తొక్కును గదా యని అతని యాలోచన. పెద్ద కంపెనీలు దానిని చేపట్టలేదు. జపాను ప్రభుత్వము మాత్రము, ఎదుట అడ్డుండగా యాక్సిలరేటరును గట్టిగా తొక్కినచో ఆ మనవిని త్రోసిపుచ్చెడి సాధనమును 2028 సెప్టెంబరు నుండి క్రొత్త ఆటోమేటిక్ కార్లకు తప్పనిసరి చేయ నిర్ణయించినది.

ఇక మన సంగతి. మన పల్లెలలో కారుకంటె ట్రాక్టరు ముఖ్యము. ట్రాక్టరునకు బ్రేకు పెడళ్ళు రెండు. ఒకటి ఎడమ వెనుకచక్రమునకు, మరియొకటి కుడి వెనుకచక్రమునకు. సాలు చివర ఇరుకున మరలుటకు ఇది చాల యుపయోగము. రోడ్డెక్కునప్పుడు ఆ రెంటిని చిన్న కొండితో కలిపివేయవలెను. పొలము పని తొందరలో ఆ కొండిని మరచి, ట్రాలీనిండ ధాన్యముతోనో మనుష్యులతోనో వేగముగా పోవుచు ఒక్క పెడలును తొక్కినయెడల ఒక చక్రము నిలిచి బండి గిర్రున తిరిగి బోర్లపడును. ఇందు కంప్యూటరు లేదు, మాయ లేదు. ఉన్నది మరచిపోబడిన కొండియే. పెడలుపై ఒత్తిడిని గ్రహించెడి సెన్సారు కారులో వేగమును లెక్కించుచుండగా, అట్టిదే ట్రాక్టరులో కొండి వేయలేదని కూత పెట్టలేదా? జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారము మనయింటనే యున్నది. రైతులు ఈ సంగతి నడుగవలెను.

కార్ల విషయమున మనకు చట్టమసలే లేకపోలేదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, లోపమున్న బండ్లను వెనుకకు పిలిపించెడి అధికారమును కేంద్రప్రభుత్వము తీసికొన్నది. 2021 ఏప్రిలు 1 నుండి నియమములు అమలునకు వచ్చినవి. అయితే ఆ యంత్రాంగము కదలుటకు నిర్ణీతసంఖ్యలో ఫిర్యాదులు రావలెను. అద్దము పగిలినచో ఫిర్యాదు చేయువారుందురు. పెడలు దోషమో, పాదము దోషమో తెలియనివాడు ఏమని ఫిర్యాదు చేయును? గోడను గ్రుద్దికొన్న కారు యజమానిని పోలీసువారును, బీమావారును, ఇంటివారును ఒక్క మాటే యందురు: "నీవే తొక్కితివి." అతడును తుద కట్లే నమ్మును. అది అనేకసారులు నిజమే కావచ్చును. నిజమని చూపుటకు సాక్ష్యము మాత్రము అతనిచేత లేదు.

ఆ సాక్ష్యము నేటి కారులలో ఉండవచ్చును. ప్రమాదమునకు ముందు కొన్ని సెకండ్లలో ఏ పెడలు ఎంత తొక్కబడినదో వ్రాసియుంచెడి పెట్టె నొకదానిని కంపెనీలు అమర్చుచున్నవి. ఐరోపా సమితి దేశములలో 2024 జూలై నుండి క్రొత్త కార్లన్నిటికి ఇది తప్పనిసరి. అట్టి పెట్టె మన కార్లలో నుండుటయే గాక, అందలి లెక్కను యజమాని కోరినప్పుడు స్వల్పరుసుముపై చదివి యిచ్చుట కంపెనీకి విధి కావలెను. ఇంటి పత్రములు కరణము పెట్టెలో నుండి, ఇంటివానికి చూప నిరాకరించిన కాలము మన పెద్దలు ఎరుగుదురు. కారు లెక్కలకు ఆ గతి పట్టరాదు. పోలీసువారును ఆ లెక్కను చదివినగాని పాదముపై నేరము మోపరాదు.

బ్రేకును, యాక్సిలరేటరును ఒకేసారి తొక్కబడినప్పుడు బ్రేకు మాటే నెగ్గవలెనని చట్టమున స్పష్టముగా వ్రాయవలెను. టయోటావారు 2010 నుండి తమ క్రొత్త కార్లలో చేసిన దిదియే. ఇందుకు క్రొత్త లోహ మక్కరలేదు, కంప్యూటరులో నాలుగు పంక్తులు చాలును. మీటతో ఆగెడి ఇంజను తొందరలో ఎట్లాగునో కారు నప్పగించు దినముననే కొనువానికి చూపవలెను. 1989 నాటి కేంద్రనియమముల ప్రకారము డ్రైవింగు పాఠశాలల కార్లకు గురువు కాలిక్రిందను పెడళ్ళుండవలెను గదా. ఆ గురువు ఆటోమేటిక్ కారులో ఎడమపాద మేమి చేయవలెనో, ఏమి చేయరాదో చెప్పుటయు పాఠములో చేరవలెను.

పూర్వపు అనంతపురము జిల్లా నేలపై పెనుకొండవద్ద 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. అందు కొన్ని విదేశములకు పోవుచున్నవి. ఏ దేశపు చట్టము ఏ సాధనమును కోరినచో అది ఆ దేశమునకు పోవు కారునకు అమర్చబడును. అదే కర్మాగారమునుండి కర్నూలునకో, వరంగల్లునకో వచ్చు కారునకు ఆ సాధనము లేదని ఎవరైన చెప్పినచో, దానికి ధర యెంత, దానిని ఏ లెక్కపై తగ్గించిరని పార్లమెంటులో మన సభ్యు లడుగవలెను.