లద్దె, మూత్రం కలిసిన చోట

పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని పంపేవారు జడ్చర్లలో ఉన్నా, నల్లగొండలో ఉన్నా చలికాలం రాగానే అడిగేది ఒకటే. తక్కువ ఖర్చులో, రోజూ ఎత్తిపోసే పని లేకుండా గుర్రం కింద ఏం పరవాలి? అందులోనూ అది రాత్రంతా తిరుగుతూ లద్దెను తొక్కి కొట్టమంతా కలిపేసే రకమైతే?

450 కిలోల గుర్రం రోజుకు సుమారు 20 కిలోల లద్దె వేస్తుంది. మూత్రం 5 నుంచి 15 లీటర్ల దాకా పోస్తుంది. మలక్‌పేట పందెపు గుర్రాలకైతే వెంటవెంటనే ఎత్తడానికి సైసులుంటారు. పెళ్లి గుర్రానికి అంత భోగం లేదు. యజమానే సైసు.

పరుపు సంగతికి ముందు అసలు విషయం తెలియాలి. అప్పుడే పోసిన మూత్రంలో కళ్లు మండించే అమోనియా దాదాపు ఉండదు. ఉండేది యూరియా. పొలంలో చల్లే యూరియా, ఇదీ ఒకటే పదార్థం. శుభ్రమైన నీళ్లలో వదిలేస్తే అది ఏళ్ల తరబడి పెద్దగా చెక్కు చెదరదు. లద్దె తగిలితేనే కథ మారుతుంది. లద్దెలోని బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. అది ఒక్కో యూరియా అణువును విరగ్గొట్టి రెండు అమోనియా అణువులను, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును విడుదల చేస్తుంది. లద్దె ఒక మూల, మూత్రం ఒక మూల వేసే గుర్రం ఈ రెంటినీ వేరువేరు సీసాల్లో దాచినట్టే. తొక్కి కలిపే గుర్రం మాత్రం నాలుగు కాళ్ల చిలుకుడు యంత్రం!

ఈ యూరియేజ్ చరిత్ర ఏ నవలకూ తీసిపోదు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజల నుంచి 1926లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ దాన్ని స్ఫటికాలుగా తీశాడు. ఒక ఎంజైమును అలా తీయడం ప్రపంచంలో అదే మొదటిసారి. సమ్నర్ ఎడమచేతి వాటం మనిషి. 17 ఏళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఆ ఎడమచెయ్యే పోయింది. కుడిచేత్తో అన్నీ మళ్లీ నేర్చుకున్నాడు. ఎంజైమంటే ప్రొటీనేనని ఆయన ప్రకటిస్తే, అప్పటికే నోబెల్ అందుకున్న జర్మన్ దిగ్గజం రిచర్డ్ విల్‌స్టాటర్ ఒప్పుకోలేదు. ప్రొటీన్ ఉత్త మోత గాడిద, పనిచేసేది దాని మీద కూర్చున్న మరేదో అన్నది ఆయన వాదన సారం. తప్పు విల్‌స్టాటర్‌దే. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్‌ను కూడా స్ఫటికంగా తీశాక వాదన సమ్నర్ వైపు తిరిగింది. 1946లో నోబెల్ వచ్చింది. అయితే సమ్నర్ కంట కూడా ఒకటి పడలేదు. యూరియేజ్ గుండెలో నికెల్ లోహం ఉంది. దాన్ని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 1975లో కనిపెట్టారు. ఒక్క ఎంజైము, దాదాపు అర్ధశతాబ్దం దాచుకున్న రహస్యం!

చలికి యూరియేజ్ మందగిస్తుంది. మరి చలికాలంలోనే కొట్టం ఎందుకు ఎక్కువ ఘాటెక్కుతుంది? గోనెసంచులతో కిటికీలు మూసేస్తాం కనుక. ఇక్కడ డిసెంబరు పగళ్లు వెచ్చగానే ఉంటాయి, ఎంజైము పగలంతా పని కానిస్తుంది. పుట్టిన వాయువు రాత్రి బయటికి పోలేక లోపలే తిరుగుతుంది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం 5 డిగ్రీల దాకా ఇబ్బంది లేకుండా తట్టుకుంటుంది. పాలమూరు చలి దానికి చలే కాదు. పడుకున్న గుర్రం ముక్కు తడి పరుపుకు జానెడు దూరంలో ఉంటుంది. అమోనియా దాని ఊపిరిగొట్టాన్ని గీరుతుంది.

ఇంకో పొరపాటు సున్నం. వాసన పోతుందని తడి మీద సున్నం చల్లుతారు. తడిలోని అమోనియాలో కొంత అమ్మోనియంగా కరిగి ఉండిపోతుంది, కొంత వాయువై లేస్తుంది. పీహెచ్ 9.25 దగ్గర రెండూ సగం సగం. సున్నంతో పీహెచ్ పెరిగితే కరిగినది కూడా వాయువైపోతుంది. గుర్రం మూత్రం మామూలుగానే క్షార గుణం కలది, దానికి సున్నం తోడైతే అగ్నికి ఆజ్యమే. కడిగి ఆరబెట్టిన నేలకు సున్నం వేయవచ్చు, తడి పరుపు మీద వద్దు. రైతులు పెంటకుప్ప మీద సూపర్ ఫాస్ఫేట్ చల్లడం మాత్రం తెలివైన పని. దాని ఆమ్లగుణం, అందులోని జిప్సం అమోనియాను పట్టి ఉంచుతాయి.

ఇక పరుపు. వరిగడ్డి పరిస్తే గుర్రం తినేస్తుంది, మిగిలింది తడిసి ముద్దవుతుంది. పాలమూరు పల్లీకాయల పొట్టు తడిని బాగా పీలుస్తుంది కానీ, తేమలో నిల్వ ఉంటే బూజు పట్టి అఫ్లటాక్సిన్ విషం చేరుతుంది. గుర్రం దాన్నీ కొరుకుతుంది. కోతమిల్లు రంపపు పొట్టు పీల్చడంలో మేటి, మెత్తటి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊక బరువులో ఐదో వంతు దాకా సిలికాయే. అందుకే అది తడిని పెద్దగా పీల్చదు, కిందికి జారవిడుస్తుంది, పైభాగం పొడిగా మిగులుతుంది.

కాబట్టి కలిపేసే గుర్రానికి వాలుగా పరిచిన షాబాద్ బండల మీద, మూత్రం పోసే చోట ముతక రంపపు పొట్టు, దాని మీద జల్లించిన ఊక జానెడు మందాన వేయాలి. రోజుకు రెండుసార్లు పంజాతో లద్దె ఎత్తితే ఊక పళ్ల సందుల్లోంచి కిందికి రాలిపోతుంది, లద్దె ఒక్కటే పైకి వస్తుంది. తడిసిన చోటును మాత్రం తవ్వి తీయాలి, మిగతా పరుపు వారాల పాటు ఉంటుంది. ఎంత ఖరీదైన పరుపు పరిచినా లద్దె ఎత్తని కొట్టంలో యూరియేజ్‌దే గెలుపు.

ఈ రాత్రి కొట్టంలోకి వెళ్లి గుర్రం పడుకునే చోట గొంతుక్కూర్చుని నాలుగుసార్లు గాలి పీల్చండి. కళ్లు మండితే, పరుపు మార్చడానికి ముందు కిటికీకి కట్టిన గోనెసంచి విప్పండి.