లోపం ఎవరి గడప తొక్కాలి?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ పైన దీర్ఘం: ఇది మన 'జ్ఞా'. ఈ వరుసలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి చేరితే, అక్షరాలను తెరమీద పేర్చే ఆపిల్ ప్రోగ్రాం తడబడి మెమరీని పాడుచేసేది. ఆ వరుస ఉన్న సందేశం వచ్చిందని చెప్పే నోటిఫికేషన్ చాలు, ఫోన్ ఆగిపోయేది. నేరం అక్షరానిది కాదు. ఆ మాదిరి వరుసలు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇదే అనర్థం తెచ్చాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలై సమస్య తీరింది. అయితే అప్పటికే పరీక్షల్లో ఉన్న 11.3 కూర్పులో ఈ లోపం లేదు. దిద్దుబాటు ముందే సిద్ధంగా ఉన్నా, వాడేవాళ్ల చేతికి గొడవ ముదిరాకే అందింది. లోపాన్ని కనిపెట్టడం, దిద్దడం ఒక ఎత్తు. దాని కబురు సరైన మనిషికి సరైన వేళకు అందడం మరో ఎత్తు. ఈ రెండో పని కోసమే ముప్పై ఏళ్లుగా ఒక యంత్రం పెరుగుతూ వచ్చింది. ప్రోగ్రామర్లు దాన్ని బగ్ ట్రాకర్ అంటారు, ఇష్యూ ట్రాకర్ అని కూడా అంటారు. చాలామంది దాన్ని లోపాల చిట్టా అనుకుంటారు. చిట్టా రాయడం దానికి చిన్న పని. ఎవరికి చెప్పాలో, ఎవరిని కదపకూడదో తేల్చడమే దాని అసలు విద్య.

1994లో డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం ఇయాన్ జాక్సన్ రాసిన ట్రాకర్‌ను చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. అది పూర్తిగా ఈమెయిల్ మీద నడిచేది. ప్రతి లోపానికీ ఒక నంబరు, ఆ నంబరే ఒక మెయిల్ చిరునామా. దానికి రాస్తే ఉత్తరం చిట్టాకెక్కుతుంది, ఆ ప్యాకేజీని చూసుకునే నిర్వాహకుడికీ వెళుతుంది. నంబరు పక్కన 'క్వయిట్' అని చేరిస్తే చిట్టాలో మాత్రమే నమోదవుతుంది, ఎవరి పెట్టెనూ తట్టదు. 'డన్' అని చేరిస్తే లోపం మూతపడుతుంది, ఎందుకు మూసేశారో వివరిస్తూ మొదట ఫిర్యాదు చేసినవారికి ఉత్తరం పోతుంది. ఇంత చిన్న ఏర్పాటులో ఎంత మర్యాద ఉందో చూడండి! రాసినవాడికి జవాబు దక్కుతుంది, పని చేసేవాడికి కబురు అందుతుంది, మిగతావారి సమయం మిగులుతుంది. తర్వాత వచ్చిన హంగులన్నిటికంటే ఈ మూడు చిరునామాలే గొప్ప ఆవిష్కరణ అని నా అభిప్రాయం.

1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడును లోకానికి విప్పినప్పుడు టెర్రీ వైస్‌మన్ బగ్‌జిల్లా రాశాడు. అందులో ప్రతి లోపం ఒక ప్రొడక్టు కిందికి, అందులోని ఒక కాంపోనెంటు కిందికి వస్తుంది. కాంపోనెంటును బట్టి అది ఎవరి బాధ్యతో, నకలు ఎవరికి పోవాలో ముందే రాసి ఉంటుంది. సూర్యాపేట కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీ కూడా ఇలాంటిదే. తీసుకోవడం తేలిక, ఏ శాఖకు పంపాలన్నదే అసలు ప్రశ్న. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక కోదాడ అర్జీ సూర్యాపేటకు రావాలి, మిర్యాలగూడ అర్జీ నల్లగొండకు పోవాలి. దారి తప్పిన కాగితానికి ఎన్ని ముద్రలు పడినా పని జరగదు. ప్రాజెక్టులు చీలినప్పుడు, మనుషులు మారినప్పుడు ట్రాకర్‌కూ ఇదే గతి: పాత కాంపోనెంటు పేరు మీద, ఎప్పుడో మానేసిన మనిషికి ఉత్తరాలు పోతూనే ఉంటాయి.

దీనికి ఎదురు చిక్కు వరద. ఒక వ్యాఖ్య, ఒక లేబుల్ మార్పు, ఒక తేదీ సవరణ: ప్రతిదానికీ ఒక మెయిల్. అవన్నీ ప్రాజెక్టు చర్చలు జరిగే మెయిల్ జాబితాలోనే పడితే, మనుషులు ఆలోచించి రాసిన ఉత్తరం యంత్రం రాసినవాటి కింద కూరుకుపోతుంది. అందుకే అపాచీ సంస్థ ప్రాజెక్టులు చాలావరకు ట్రాకర్ కబుర్లను చర్చల జాబితాలో కలపకుండా వేరే జాబితాకు మళ్లిస్తాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బలమంతా పదిమంది కళ్లూ చూడటంలోనే ఉంది కదా, కబురు తగ్గిస్తే చూసేవాళ్లు తగ్గరా అని ఒక ఆక్షేపణ ఉంది. న్యాయమైన అనుమానమే. కానీ చూడగలగడం వేరు, ప్రతిసారీ తలుపు తట్టించుకోవడం వేరు. చిట్టా అందరికీ తెరిచే ఉంటుంది. తగ్గేది తలుపు తట్టే చప్పుడే. రోజూ వందల మెయిళ్లు వచ్చేవాడు చివరికి అన్నిటినీ చదవకుండా తుడిచేస్తాడు, అప్పుడు ఆ రెండు కళ్లు కూడా పోయినట్టే. ఎవరికి వారు వడపోత పెట్టుకోవచ్చు కదా అన్నది ఇంకో వాదన. 2001 నాటి ప్రమాణం ప్రకారం ప్రతి జాబితా మెయిల్‌కూ గుర్తింపు శీర్షిక ఉంటుంది, దాని ఆధారంగా వడకట్టవచ్చు. నిజమే, ఆరితేరినవాళ్లు అలాగే చేస్తారు. నిన్ననే చేరిన విద్యార్థికి ఆ కిటుకు తెలియదు. మొదటి వారంలోనే మెయిళ్ల జడివానలో తడిసి వెళ్లిపోతాడు. వడపోత ప్రాజెక్టు బాధ్యత కావాలి, కొత్తవాడి భారం కాకూడదు. ఇక కొన్నాళ్లు ఎవరూ పలకలేదని లోపాన్ని తనంతట తానే మూసేసే బాట్ల పద్ధతిని నేను ఒప్పుకోను. ఎవరూ పలకనంత మాత్రాన లోపం తీరిపోదు.

ముఖ్యంగా తెలుగు లోపాల విషయంలో ఈ మౌనం ఎక్కువ. ఒత్తు జారినా, గుడి తప్పిన చోట పడినా గుర్తుపట్టేది మనమే. కోడు రాసినవాడికి అది తెలియదు. మొజిల్లా బగ్‌జిల్లాలో తెలుగు అనువాదానికి ప్రత్యేకంగా ఒక కాంపోనెంటు ఉంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. దారులు లేక కాదు, ఆ దారుల్లో కాపుండేవాళ్లు చాలక మన లోపాలు మిగిలిపోతున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలకు నా విన్నపం ఇది. వంద ప్రాజెక్టుల నోటిఫికేషన్లు పెట్టుకోకండి. తెలుగుకు సంబంధించిన ఒక్క కాంపోనెంటును ఎంచుకుని దాన్నే గమనించండి. తెరమీద అక్షరం చెడితే స్క్రీన్‌షాట్‌తో ఆగకుండా ఏ అక్షరాల వరుస, ఏ ఫాంటు, ఏ కూర్పు అన్నది రాసి, సరైన కాంపోనెంటు కింద నమోదు చేయండి. జవాబు వచ్చేదాకా అడగడం మానకండి.