మండెలో వెచ్చదనం

నారుమడికి విత్తనం సిద్ధం చేసే రోజుల్లో మా తాతయ్య వడ్లను ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి గోనెసంచుల్లో మూటగట్టి, పైన గడ్డి కప్పి బరువు పెట్టేవాడు. దాన్నే మండె కట్టడం అంటారు. మర్నాడు మూట విప్పకుండానే చెయ్యి లోపలికి జొనిపి చూసేవాడు. నన్నూ పెట్టి చూడమనేవాడు. లోపల జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటిలా వెచ్చగా ఉండేది. కింద పొయ్యి లేదు, పైన ఎండ లేదు. ఆ వేడి ఎక్కడిదని అడిగితే, "వడ్లకు ప్రాణం వచ్చిందిరా" అనేవాడు.

పదో తరగతికి వచ్చాక పోషణ ఒక పాఠం, శ్వాసక్రియ ఇంకో పాఠం. రెండింటికీ చెరొక సమీకరణం. ఎంజైములైతే ఒక పట్టిక. మూడూ బట్టీపట్టాను, మార్కులూ వచ్చాయి. కానీ ఆ మూడు పాఠాలూ మా తాతయ్య కట్టిన మూటలోనే ఉన్నాయని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మూట విప్పి చూద్దాం.

వడ్లగింజలో ఎక్కువ భాగం పిండి పదార్థమే. ఒక కొసన ముక్కు దగ్గర చిన్న పిండం ఉంటుంది. రేపు మొక్కయ్యేది అదే. పక్కనే గాదె నిండా తిండి ఉన్నా పిండం దాన్ని తినలేదు. ఎందుకంటే పిండి పదార్థం అంటే వందలు, వేల గ్లూకోజ్ అణువులు గొలుసుగా అతుక్కున్న ముద్ద. అది నీళ్లలో కరగదు, కణంలోకి దూరదు. గింజ నానగానే పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పంపుతుంది. మిల్లులో తవుడుగా పోయే పొరలోని కణాలు ఆ కబురందుకుని అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసి పిండిలోకి వదులుతాయి. అది గొలుసులను తెంచుతూ పోతుంది. తెగిన ముక్కలు చక్కెరలై పిండానికి అందుతాయి.

1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేశారు. దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనిషి వేరుచేసి పేరు పెట్టిన మొట్టమొదటి ఎంజైము అదే. అంటే ఎంజైముల చరిత్ర కూడా మొలకెత్తే ధాన్యంతోనే మొదలైంది.

ఎంజైము చేసే పని రైతుబిడ్డలకు తేలిగ్గా అర్థమవుతుంది. ఎగువ మడిలో నీళ్లున్నాయి, దిగువ మడి ఎండిపోయి ఉంది. నీళ్లు పల్లానికే పోవాలి గానీ మధ్యలో గట్టు అడ్డం. పారతో గండి కొడితే నీళ్లు వాటంతటవే పారతాయి. పార నీటిని తోడదు, పల్లాన్ని మెరక చేయదు, తాను అరగదు. గట్టు ఎత్తు తగ్గిస్తుంది, అంతే. పిండి తెగి చక్కెర కావడం పల్లానికి పోయే పనే. అమైలేజ్ లేకపోతే ఆ పని జరగకుండా ఏళ్ల తరబడి ఆగిపోతుంది. కాకపోతే ఈ పార ఒక్క గట్టునే తవ్వగలదు. ఎండుగడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, అతుకు మాత్రం వేరు. ఆ చిన్న తేడాకే మన అమైలేజ్ చేతులెత్తేస్తుంది. అందుకే అన్నం మనకు, గడ్డి పశువుకు. పశువు కూడా సొంతంగా ఆ అతుకు తెంచలేదు. దాని కడుపులోని సూక్ష్మజీవులు తెంచిపెడతాయి.

ఎంజైము చలికి మందగిస్తుంది, ప్రోటీన్ కాబట్టి మరీ వేడెక్కితే రూపు చెడిపోతుంది. వానాకాలపు సార్వా విత్తనం ఒక్కరోజులో ముక్కు పగిలితే, దాళ్వా చలిలో అదే విత్తనానికి రెండు రోజులు కూడా పడుతుంది. అందుకే ఆ కాలంలో గోరువెచ్చని నీళ్లలో నానబెడతారు. మండె మరీ వేడెక్కిందనిపిస్తే నీళ్లు చల్లుతారు. ఉప్పుడు బియ్యం కోసం ఆవిరిపట్టిన వడ్లను ఎన్నాళ్లు మండె కట్టినా ఒక్క మొలకా రాదు. పిండం చచ్చింది, ఎంజైములు చెడ్డాయి, పిండి మాత్రం గింజలోనే ఉంది.

ఇక ఆ వెచ్చదనం సంగతి. గ్లూకోజ్‌ను నిప్పులో వేస్తే ఒక్కసారిగా కాలి కార్బన్ డై ఆక్సైడ్, నీరు అవుతుంది. కణంలోనూ చివరికి మిగిలేవి ఆ రెండే. కానీ అక్కడ అది మెట్టు మెట్టుగా దిగుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైము. మొదటి మెట్లు కణద్రవ్యంలో, తర్వాతివి మైటోకాండ్రియాలో. దిగేటప్పుడు విడుదలయ్యే శక్తిలో కొంత భాగం ఏటీపీ అనే అణువులోకి చేరుతుంది. కణంలో ఏ పనికైనా చెల్లుబాటయ్యే రొక్కం అది.

ఏటీపీ పేరెత్తితే నేను భీమవరం తలచుకోకుండా ఉండలేను. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీ ఉందని 1929లో ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. వరిచేల నడుమ పుట్టినవాడు, వరి మొలకనూ మన గుండెనూ ఒకేలా నడిపించే అణువును వెలికితీసినవారిలో ఒకడు కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించే విషయం. మన శరీరంలో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ చాలా కొద్దే. అదే ఖర్చవుతూ మళ్లీ తయారవుతూ తిరుగుతుంది. రోజంతా అలా తిరిగినదాన్ని కూడితే దాదాపు మన బరువంత అవుతుందని లెక్క.

గ్లూకోజ్ నుంచి వెలువడే శక్తిలో ఏటీపీకి చేరేది సగానికన్నా తక్కువే. మిగతాది వేడి. మండెలో నా చేతికి తగిలింది ఆ వేడే. ఒక అణువు గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు వస్తాయని మేం చదువుకున్నాం. ఇప్పటి లెక్క 30 నుంచి 32. అయితే గాలి అందితేనే అంత. మూటలో నీళ్లు వంపకుండా బిగించి కడితే గాలి ఆడక, మెట్లలో మొదటివి మాత్రమే నడిచి, 2 ఏటీపీలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. మండె పులిసిన వాసన వేస్తుందంటే కారణం అదే.

ఇంతవరకూ గింజ కూడబెట్టింది ఖర్చు పెట్టడమే తప్ప సంపాదించింది లేదు. మొలకెత్తిన వడ్లను బాగా ఆరబెట్టి తూస్తే మొదటికన్నా తక్కువ తూగుతాయి. ఆ తగ్గిన బరువు గాలిలో కలిసింది. నారుమడిలో మూడో ఆకు వేసేసరికి గింజలోని గాదె ఇంచుమించు ఖాళీ. ఇక మొక్క తన తిండి తనే సంపాదించుకోవాలి.

ఆకుపచ్చని హరితరేణువుల్లో పత్రహరితం వెలుతురును పట్టుకుంటుంది. ఆ శక్తితో నీటి అణువు విడిపోతుంది, ఆక్సిజన్ బయటికొస్తుంది. మధ్యాహ్నపు ఎండలో మడి నీళ్లలోని నాచుకు అంటుకుని మెరిసే బుడగలు అవే. ఆ ఆక్సిజన్ కార్బన్ డై ఆక్సైడ్ నుంచి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి, అది నీటిదేనని చూపించింది. పట్టుకున్న వెలుతురు శక్తితో ఆకు కూడా ముందు ఏటీపీనే చేస్తుంది. దాన్ని ఖర్చుపెట్టి గాలిలోని కార్బన్‌ను చక్కెరగా కూర్చుతుంది. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పదివేల వంతుల్లో నాలుగే. కల్లంలో కొండలా పోసిన ధాన్యంలోని కార్బనంతా అందులోంచి ఏరుకొచ్చిందే!

ఏరే పని రుబిస్కో అనే ఎంజైముది. కొన్ని ఎంజైములు సెకనుకు లక్షల అణువులను మారుస్తాయి. రుబిస్కో పదిని కూడా దాటదు. పైగా ఎండ ముదిరినకొద్దీ కార్బన్ డై ఆక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుని పొరపాటు చేస్తుంది. ఇంత నెమ్మదైన కూలీతో పని గడవాలంటే కూలీలు ఎక్కువమంది కావాలి. అందుకే ఆకులోని నత్రజనిలో పెద్ద వాటా రుబిస్కోకే పోతుంది. మడిలో యూరియా చల్లుతున్నామంటే చాలావరకు ఈ కూలీలను పెంచుతున్నామన్నమాటే. ఆ యూరియాను నేలలో అమ్మోనియాగా విడగొట్టేది యూరియేజ్ అనే మరో ఎంజైము. 1926లో జేమ్స్ సమ్నర్ దాన్నే స్ఫటికాలుగా వేరుచేసి, ఎంజైము ప్రోటీనే అని చూపించాడు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని ఇప్పటికీ జవాబు పత్రాల్లో కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. పగటిపూట ఆకు విడిచే ఆక్సిజన్ ముందు ఆ శ్వాస మన కంటికి ఆనదు. రాత్రి చింతచెట్టు కింద పడుకోవద్దనడానికి ఈ కారణమే చెబుతారు. కానీ ఆరుబయట చెట్టు విడిచే కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలిసి చెదిరిపోతుంది. తలుపులేసిన గదిలో పక్కమంచం మీద పడుకున్న మనిషి విడిచేది అలా చెదరదు.

వేర్లకు వెలుతురే లేదు. అవి బతికేది శ్వాస మీదే. నాలుగు రోజులు ముసురు పట్టి మిరప చేను జాలు పట్టిందంటే, తెరిపిచ్చాక మొక్కలు నీళ్లలో నిలబడే వడలిపోతాయి. నీళ్లున్నాయి, ఎండుంది, ఆకులో పత్రహరితం ఉంది. మట్టి సందుల్లో గాలి మాత్రం లేదు. వేరుకు ఏటీపీ చాలదు, నీళ్లు తోడలేదు, చుట్టూ నీళ్లున్నా మొక్కకు దాహమే. వరి వేర్లలో మాత్రం ఆకుల నుంచి గాలి దిగే గొట్టాల్లాంటి దారులుంటాయి, అందుకే అది నీళ్లలో నిలబడగలదు.

కోతలయ్యాక గింజ మళ్లీ నిద్రపోవాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదని మీటరు పెట్టి చూసేది ఊరికే కాదు. తేమ తగ్గితే ఎంజైములు మందగిస్తాయి, శ్వాస సన్నగిలుతుంది, గింజ నెలల తరబడి పాడవకుండా ఆగుతుంది. అకాల వర్షానికి కల్లంలో రాశి తడిస్తే, మర్నాడు రైతు పరదా పైకెత్తి రాశిలోకి మోచేతి దాకా చెయ్యి జొనుపుతాడు. లోపల వెచ్చగా తగిలితే అతని ముఖం పాలిపోతుంది. అది మా తాతయ్య మండెలో తగిలిన వెచ్చదనమే. అతను వెంటనే పిల్లలను కేకేసి, రాశిని పలచగా నెరపడం మొదలుపెడతాడు.